గుర్రం మనసెరిగిన రౌతు – స్టీవ్ డోనహ్యూ

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని మన సామెత. స్వారీ చేసేవాని చేతిలో కాఠిన్యం లేకపోతే జంతువు లొంగదని దాని భావం. మన పూర్వులు అనుభవం మీద చెప్పిన మాటను కాదనే సాహసం మాకు లేదు. అయితే మెత్తని చేతులతోనే నలభై ఏండ్లకు దగ్గరగా జీను మీద గడిపి, గుర్రాలను నాలుగు కాళ్ళ మీదనే గాక గాలి మీద నడిపించిన ఒక రౌతు చరిత్రను మేము ఇటీవల చదివాము. ఆయన పేరు స్టీవ్ డోనహ్యూ. ఆయన జీవితాన్ని మన కళాశాల విద్యార్థులకు పరిచయం చేయాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. గుర్రపు పందేల పేరు చెప్పగానే ఇల్లు గుల్ల చేసే జూదం గుర్తుకు రావడం సహజం. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలీ నుండి మలక్‌పేటకు తరలివచ్చిన పందెపు మైదానం మన రాష్ట్ర రాజధానిలో ఎందరి సంపాదనను మ్రింగిందో పెద్దలను అడిగితే చెప్తారు. ఆ జూదాన్ని మేము సమర్థించడం లేదు. మా దృష్టి పందెం కాసినవాని మీద కాదు, గుర్రం వీపు మీద కూర్చున్నవాని మీద.

డోనహ్యూ 1884 నవంబరు 8వ తేదీన ఇంగ్లండులోని వారింగ్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి ఇనుప కర్మాగారంలో కూలి. ఆ కుటుంబంలో అంతకుముందు గుర్రాలతో జీవనం సాగించినవారు లేరు. బాల్యంలోనే ఇల్లు విడిచి, ఆనాడు సుప్రసిద్ధుడైన జాన్ పోర్టర్ అనే శిక్షకుని అశ్వశాలలో చేరాడు గాని అక్కడ ఎక్కువకాలం నిలవలేదు. పొట్ట చేతబట్టుకొని ఫ్రాన్సు వెళ్ళాడు. 1905లో ఆ దేశంలోనే తొలి విజయం లభించింది. తర్వాత ఐర్లండులో కొంతకాలం స్వారీ చేసి, 1911లో ఆటీ పెర్స్ అనే శిక్షకుని జాకీగా స్వదేశం చేరుకున్నాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది ఆరు దాటింది. జాకీలు పదిహేను, పదహారేండ్లకే పేరు తెచ్చుకొనే వృత్తిలో అది ఆలస్యమే.

ఆ పెర్స్ అశ్వశాలలోనే ఆయనకు ఒక విచిత్రమైన గుర్రం తటస్థపడింది. దాని పేరు ది టెట్రార్క్. బూడిద రంగు దేహం మీద సున్నం చిలకరించినట్లు తెల్లని మచ్చలు. చూచినవారు బొమ్మల కొట్టులోని కొయ్యగుర్రమని నవ్వారట. 1913లో అది ఏడు పందేలలో పరుగెత్తి ఏడింటిలోనూ గెలిచింది. ఏడుసార్లూ దాని మీద ఉన్నది డోనహ్యూయే. సాండౌన్‌లో జరిగిన పందెంలో మాత్రం బయలుదేరే సమయంలో వెనుకబడి, తక్కిన గుర్రాలు చాలా దూరం పోయిన తర్వాత అందుకొని మెడ పొడవు తేడాతో నెగ్గింది. ఆ మరుసటి సంవత్సరం కాలికి దెబ్బ తగలడంతో మరల పందెంలో దిగలేదు. అటువంటి గుర్రాన్ని తాను మరి ఎక్కలేదని డోనహ్యూ జీవితాంతం చెప్పుకున్నాడు.

ప్రసక్తి వచ్చింది గనుక మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి. ఈనాటి పందెపు గుర్రాల జాతి అంతా తండ్రుల వరుసలో మూడు తూర్పుదేశపు మగ గుర్రాలకు చేరుతుంది. అందులో ఒకటైన బయర్లీ తురక గుర్రం వంశంలోనిదే ది టెట్రార్క్. దానికి పుట్టిన ఆడపిల్లను 1922లో ఆగాఖాన్ గారు 9,100 గినీలకు కొని ముంతాజ్ మహల్ అని పేరు పెట్టారు. తండ్రి మచ్చలూ, తండ్రి వేగమూ రెండూ దానికి వచ్చాయి.

1914 నుండి 1923 వరకు వరుసగా పదేండ్లు ఇంగ్లండులో అత్యధిక విజయాలు సాధించిన జాకీ డోనహ్యూ. చివరి సంవత్సరం మాత్రం ఆ గౌరవాన్ని ఇంకా శిష్యరికంలోనే ఉన్న ఇలియట్ అనే కుర్రవానితో పంచుకోవలసి వచ్చింది. ఇంగ్లండు పందేలలో శిరోమణి అయిన డర్బీని ఆయన ఆరుసార్లు గెలిచాడు. 1915లో పామర్న్ మీద, 1917లో గే క్రూసేడర్ మీద గెలిచిన డర్బీలు యుద్ధం కారణంగా ఎప్సమ్‌లో గాక న్యూమార్కెట్‌లో జరిగాయి. తర్వాత 1921, 1922, 1923 – వరుసగా మూడేండ్లు ఎప్సమ్‌లోనే, మరల 1925లో. ఎప్సమ్ బాట ఎగుడుదిగుడైనది. దిగువకు దూకే ఆ మలుపు వద్ద గుర్రాలు బెదరి అడుగు తప్పుతాయి. డోనహ్యూ స్వారీ చేసే గుర్రం అక్కడ బెదరేది కాదని చూచినవారంతా చెప్పారు. ఆ కాలంలో మైదానాలలో ప్రజలు ఆయనను పేరు పెట్టి రమ్మని పిలిచే కేక ఎంతగా వ్యాపించిందంటే, పందెం మొగం చూడని పిల్లలు సైతం వీధి ఆటలలో ఆ కేక వేసేవారు.

ఈ విజయాలన్నిటిలో 1921 నాటి డర్బీ వద్ద మేము కొంతసేపు ఆగదలిచాము. ఆనాటి గుర్రం పేరు హ్యూమరిస్ట్. దాని మీద లోకానికి సదభిప్రాయం లేదు. గెలవబోతున్నట్లు కనిపించి చివరలో జారిపోతుందనీ, దానికి గుండె ధైర్యం చాలదనీ అనేవారు. అంతకు కొద్ది వారాల ముందు రెండువేల గినీల పందెంలోనూ అదే విధంగా మూడవ స్థానానికి దిగింది. డర్బీలో డోనహ్యూ దానిని లోపలి కంచె వెంబడి, ఒక్క అడుగు వృథా కాకుండా, బతిమాలినట్లు నడిపించుకొని వచ్చి క్రేగన్ ఎరన్ మీద మెడ పొడవుతో గెలిపించాడు. ఆ తర్వాత కొన్ని వారాలకే ఒక ఆదివారం హ్యూమరిస్ట్ తన గదిలో రక్తపు మడుగులో చనిపోయి కనిపించింది. శవపరీక్ష చేస్తే ఊపిరితిత్తులు క్షయతో శిథిలమై ఉన్నాయి. ధైర్యం లేదని లోకం నిందించిన ప్రాణి ఊపిరి లేక వెనుకబడుతూ వచ్చిందన్నమాట. ఆ రోగం సంగతి డోనహ్యూకు తెలియదు. కాని ఆ గుర్రం ఇవ్వగలిగినంత ఇస్తున్నదనీ, అంతకు మించి అడగరాదనీ ఆయన చేతులకు తెలిసింది. చేత కొరడా ఉన్న మరొక రౌతు ఆనాడు ఏమి చేసి ఉండేవాడో ఊహించుకోవడానికే మాకు కష్టంగా ఉన్నది.

గుర్రాల పట్ల ఇంత మెలకువ గల మనిషి మనుషుల పట్ల అంత నమ్మకంగా ప్రవర్తించాడని మేము వ్రాయలేము. అక్కడి పద్ధతి ప్రకారం ధనవంతులైన యజమానులు సంవత్సరానికి ఇంత అని ముందుగా ఇచ్చి జాకీని కట్టుబరచుకుంటారు. అతడు ముందు వారి గుర్రాన్ని ఎక్కాలి, తర్వాతనే ఇతరులవి. డోనహ్యూ ఈ కట్టుబాటును లెక్కచేయలేదు. 1922లో కాప్టెన్ కటిల్ అనే గుర్రం మీద ఆయనకు డర్బీ విజయం దక్కింది వూలవింగ్టన్ ప్రభువు దయవల్ల. మరుసటి ఏడు అదే ప్రభువుతో ఒప్పందం ఉండగా, ఆయన గుర్రాన్ని కాదని పాపిరస్ అనే మరొకరి గుర్రం మీద కూర్చుని గెలిచాడు. గెలిచే గుర్రాన్ని పసిగట్టడంలో ఆయన పొరపడలేదు, నిజమే. మాట తప్పడం మాట తప్పడమే. యజమానులు క్రమంగా ఆయనను దూరంగా ఉంచసాగారు. ధనం కూడా అంతే; రెండు చేతులా సంపాదించాడు, అడిగినవానికీ అడగనివానికీ పంచాడు, తనకంటూ ఏమీ మిగుల్చుకోలేదు. 1925లో గార్డన్ రిచర్డ్స్ అనే యువకుడు అగ్రస్థానం అందుకున్నాడు. డోనహ్యూ పని అయిపోయిందని మైదానంలో అనుకోసాగారు.

అటువంటి రోజులలో, 1928 మార్చిలో, ఆయన చెల్ట్‌నమ్‌లో కంచెలు దూకే పందేలు చూడడానికి వెళ్ళాడు. అక్కడ ఛాంపియన్ హర్డిల్ పందెం గెలిచిన నాలుగేండ్ల గోధుమవన్నె గుర్రం ఆయన కంట పడింది. దాని పేరు బ్రౌన్ జాక్. ఐర్లండులో పుట్టిన ఈ గుర్రాన్ని పసితనంలో డబ్లిన్ వేలానికి తెస్తే పాట పాడిన నాథుడు లేడు. చేతులు మారి చివరకు 750 పౌండ్లకు ఆబ్రీ హేస్టింగ్స్ అనే శిక్షకుని ద్వారా సర్ హెరాల్డ్ వెర్నర్ గారికి చేరింది. కంచెలు లేని చదును పందేలలో ఇది రాణించగలదా అని హేస్టింగ్స్ అడిగితే, తప్పక రాణిస్తుందనీ, తానే దానిని ఎక్కుతాననీ డోనహ్యూ అక్కడికక్కడే చెప్పాడు. ఆ జూన్‌లోనే ఇద్దరూ కలిసి ఆస్కాట్ స్టేక్స్ గెలిచారు. అప్పటికి రౌతుకు నలభై మూడేండ్లు.

ఇక్కడ ఒక వివరం చెప్పాలి. బ్రౌన్ జాక్ బీజాలు తీసిన గుర్రం. అటువంటి వాటికి డర్బీలో ప్రవేశం లేదు. సంతానానికి పనికిరావు గనుక పేరు పొందగానే పందేలు మాన్పించి మందకు పంపడమూ ఉండదు. గొప్ప గుర్రాలు మూడు నాలుగేండ్ల వయస్సుకే మైదానం విడిచిపోతాయి. జాకీకి వాటితో పరిచయం ఒకటి రెండు ఋతువులే. డోనహ్యూ ఎక్కిన డర్బీ గుర్రాలన్నీ అలా వచ్చి అలా పోయినవే. బ్రౌన్ జాక్ మాత్రం ఏటేటా తిరిగి వచ్చింది. చెలిమి ముదరడానికి కావలసిన కాలం ఈ ఒక్క గుర్రంతోనే ఆయనకు దొరికింది.

దాని స్వభావం వింతైనది. బద్ధకం ఎక్కువ, జున్నుముక్క అంటే ప్రాణం. తనకు తోచినప్పుడే పరుగెత్తేది. కొరడా తగిలితే మొండికేసేది. డోనహ్యూ దానిని తొందరపెట్టేవాడు కాదు. మొదటి రెండు మైళ్ళు దాని ఇష్టానికి వదలి, చెవుల కదలికను కనిపెట్టి ఉండి, చివరి మలుపు వద్ద కళ్ళెం సడలించి మాట్లాడేవాడు. 1929లో హేస్టింగ్స్ ఆకస్మికంగా మరణించాడు. ఐవర్ ఆంథొనీ అనే శిక్షకుడు ఆ బాధ్యత స్వీకరించాడు. శిక్షకుడు మారినా జున్నూ, రౌతూ మారలేదు.

ఆస్కాట్‌లో జూన్ మాసపు ఉత్సవం చివరి రోజున క్వీన్ అలెగ్జాండ్రా స్టేక్స్ అనే పందెం జరుగుతుంది. దూరం రెండు ముప్పాతిక మైళ్ళు – చదును పందేలలో ఆ దేశంలోకెల్లా దీర్ఘమైనది. 1929లో బ్రౌన్ జాక్ దానిని గెలిచింది. 1930లో గెలిచింది. 1931, 1932, 1933లలో గెలిచింది. అయిదుసార్లూ డోనహ్యూయే.

1934 జూన్ నాటికి గుర్రానికి పదేండ్లు. పందెపు గుర్రానికి అది ముసలితనమే. రౌతుకు నలభై తొమ్మిది. ఇదే చివరి పరుగు అని అందరికీ తెలుసు. ఆంథొనీ పందెం చూడలేక, గుర్రాలకు జీను వేసే ఆవరణలో ఒక చెట్టు క్రింద ఒంటరిగా కూర్చున్నాడట. చివరి మలుపు తిరిగిన తర్వాత సొలేషియం అనే గుర్రం ప్రక్కనే వచ్చింది. రెండూ కొంతదూరం సమంగా పరుగెత్తాయి. తర్వాత బ్రౌన్ జాక్ ముందుకు సాగి రెండు గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. చెట్టు క్రింద ఉన్న శిక్షకునికి ఫలితం జనఘోష వల్లనే తెలిసింది. మర్యాదకు పేరుపడిన ఆస్కాట్‌లో ఆనాడు పెద్దమనుషులు టోపీలు గాలిలోకి విసిరారు. ఆ గుర్రాన్ని దగ్గరనుండి చూడాలని స్త్రీలూ పురుషులూ పరుగులు తీశారు. డోనహ్యూ దాని మెడ నిమురుతూ నెమ్మదిగా నడిపించుకొని వచ్చాడు.

ఇందులో చెలిమి ఏమున్నది, గట్టినేలా, దీర్ఘమైన దూరమూ ఆ గుర్రానికి సరిపడినవి, ఆస్కాట్‌లో ఆ రెండూ దొరికాయి, ఎవరు ఎక్కినా గెలిచేదే అని వాదించినవారున్నారు. వాదంలో కొంత నిజం లేకపోలేదు. పైగా జాకీ గుర్రానికి మేత వేయడు, మాలీసు చేయడు. రాత్రింబవళ్ళు దగ్గరుండేవాడు అశ్వశాలలోని కుర్రవాడు. గుర్రానికి ప్రేమ ఉంటే ఆ కుర్రవాని మీద ఉండాలి. అయినను ఆరేండ్లు వరుసగా ఒక్క పందెం, ఒక్క గుర్రం, ఒక్క రౌతు అన్న లెక్క కేవలం నేల గట్టితనం వల్ల వచ్చిందని మేము నమ్మలేకున్నాము. గుర్రం జీను మీది బరువునూ, నోటిలోని కళ్ళెం ద్వారా చేతి వణుకునూ గుర్తుపడుతుంది. భయం లేని చేయి ఎవరిదో దానికి తెలుస్తుంది. యజమానులతో చేసిన ఒప్పందాలను నిలుపుకోలేని మనిషి ఈ గుర్రంతో కాగితం మీద లేని ఒప్పందాన్ని ఆరేండ్లు నిలుపుకున్నాడు. ఆ ఆరేండ్లలో ఆయనకు డర్బీలు లేవు, అగ్రస్థానం లేదు. ఏటా జూన్‌లో ఆ ఒక్క శుక్రవారం మాత్రం ఉంది.

డోనహ్యూ 1937లో ఎగ్జిబిషనిస్ట్ అనే ఆడగుర్రం మీద వేయి గినీల పందెమూ, ఓక్స్ పందెమూ గెలిచి, ఆ ఏటితోనే స్వారీ విరమించాడు. తర్వాత కొంతకాలం శిక్షకుడుగా పనిచేశాడు గాని ఆ పనిలో పేరు రాలేదు. 1945 మార్చి 23న లండన్‌లో గుండె ఆగి మరణించాడు.

బ్రౌన్ జాక్ వెర్నర్ గారి పచ్చిక బయళ్ళలో విశ్రాంతిగా గడిపింది. మన్నింగ్స్ అనే ప్రసిద్ధ చిత్రకారుడు మలచిన దాని కంచు విగ్రహాన్ని ఆస్కాట్‌లో ఉంచారు. 1935లో రైలు కంపెనీవారు కొత్తగా కట్టిన వేగపు ఇంజనుకు దాని పేరు పెట్టారు. ఆ గుర్రం 1948లో, తన రౌతు పోయిన మూడేండ్లకు, కన్నుమూసింది.