యౌవన రహస్యాన్ని అన్వేషించిన బ్రౌన్ సెకార్
హార్మోన్ల శాస్త్రానికి తొలి బాటలు వేసిన వారిలో ఒకరైన షార్ల్ ఎడ్వార్ బ్రౌన్ సెకార్ 1817 ఏప్రిల్ 8న మారిషస్‌లోని పోర్ట్ లూయిస్‌లో జన్మించారు. తండ్రి అమెరికన్ నావికుడు, తల్లి ఫ్రెంచి వంశీయురాలు. పారిస్‌లో వైద్యవిద్య అభ్యసించిన ఆయన వెన్నుపాముపై పరిశోధనలతో ఖ్యాతి గడించారు. వెన్నుపాము ఒకవైపు సగం తెగినప్పుడు కనిపించే లక్షణాల సముదాయాన్ని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. అధివృక్క గ్రంథులు ప్రాణాధారమని 1856లో జంతు ప్రయోగాలతో చూపారు. 1878లో క్లాడ్ బెర్నార్డ్ స్థానంలో కొలేజ్ ద ఫ్రాన్స్ ఆచార్యులయ్యారు.

1889 జూన్ 1న, 72 ఏళ్ల వయసులో, ఆయన పారిస్‌లో చేసిన ప్రకటన సంచలనం రేపింది. కుక్కలు, గినీ పందుల వృషణాల సారాన్ని సూదిమందుగా తీసుకోగా తనకు సత్తువ తిరిగి వచ్చిందని వెల్లడించారు. వ్యాపారులు దాన్ని సొమ్ము చేసుకోగా, తోటి వైద్యులు పలువురు అపహసించారు. నిజానికి టెస్టోస్టిరాన్ నీటిలో దాదాపు కరగదు, వృషణాల్లో పెద్దగా నిల్వ ఉండదు. కనుక ఆ సత్తువకు మూలం మందు కాదు, నమ్మకమేనని శాస్త్రవేత్తలు భావిస్తారు.

1894 ఏప్రిల్ 2న పారిస్‌లో ఆయన కన్నుమూశారు. ఔషధం విఫలమైనా, గ్రంథులు రక్తంలోకి ప్రభావశీల స్రావాలను విడుస్తాయన్న ఆయన ఊహ నిలిచింది. 1935లో టెస్టోస్టిరాన్‌ను వేరుచేశారు. అయితే దాన్ని బయటి నుంచి ఇస్తే పీయూష గ్రంథి సంకేతాలు తగ్గి, శుక్రకణాల ఉత్పత్తి పడిపోతుంది. అందుకే ఆ హార్మోన్ లోపమున్నా, సంతానం కోరే పురుషులకు వైద్యులు సాధారణంగా దాన్ని సూచించరు.