శ్రీ బండారనాయక: రెండు ఎన్నికలు

ప్రసిద్ధుల జీవితములను చదువునపుడు వారి విజయములనే గాక పరాజయములను గూడ పరిశీలించుట మంచిది. నాడు సిలోనని పిలువబడిన శ్రీలంకకు ప్రధానమంత్రిగా నుండి 1959లో హత్యకు గురియైన శ్రీ సాలమన్ బండారనాయక జీవితమున రెండు ఎన్నికలు ముఖ్యమైనవి. ఒకటి విద్యార్థి దశలో ఓడినది. మరియొకటి ముప్పదియేండ్లకు పైగా గడచిన తరువాత దేశమంతటను గెలిచినది. ఈ రెండింటిని కలిపి చూచినగాని ఆయన జీవితము మనకు బోధపడదు.

ఆయన 1899 జనవరి 8వ తేదీన కొలంబోలో జన్మించెను. తండ్రి మహా ముదలియారు. అనగా ఆంగ్ల గవర్నరునకు దేశీయ వ్యవహారములలో ముఖ్య సలహాదారు. గవర్నరుగా నుండిన వెస్ట్ రిడ్జ్‌వే దొర పేరును కుమారుని పేరులో చేర్చుకొనిరనిన, ఆ కుటుంబము పాలకులకు ఎంత సన్నిహితమైనదో ఊహింపవచ్చును. హొరగొల్లలో గొప్ప భవనము, విస్తారమైన భూములు, క్రైస్తవ మతము, ఇంట ఆంగ్ల భాష, ఇట్టి వాతావరణమున బాలుడు పెరిగెను. తన ప్రజలు మాటలాడు సింహళ భాష ఆయనకు చక్కగా రాదు. సెయింట్ థామస్ కళాశాలలో చదువు ముగించి, 1921లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చేరెను.

స్వదేశమున జమీందారు బిడ్డగా గౌరవము పొందిన యువకుడు అచ్చట ఒంటరివాడయ్యెను. ఎవరును ఆయనను బహిరంగముగా అవమానింపలేదు. కాని ఎవరును దగ్గరకు రానీయలేదు. ఆంగ్లేయులతో సమానుడనిపించుకొనవలెనన్న, మొదట వారికంటె అధికుడనని నిరూపించుకొనవలెనని ఆయన నిశ్చయించుకొనెను. అందుకు ఆయన ఎన్నుకొన్న రంగము ఆక్స్‌ఫర్డ్ యూనియన్.

ఈ యూనియన్ 1823లో విద్యార్థులు స్థాపించుకొన్న చర్చా సంఘము. దానికి సొంత గ్రంథాలయము గలదు. అచ్చటి సభలు పార్లమెంటు పద్ధతిని జరుగును. ఒక తీర్మానముపై ఇరుపక్షములవారు ప్రసంగింతురు. పిదప సభ్యులు తీర్మానమును బలపరచువారు ఒక ద్వారమునుండియు, వ్యతిరేకించువారు మరొక ద్వారమునుండియు వెడలుచు తమ అభిప్రాయమును తెలుపుదురు. అధ్యక్షుడు, కోశాధికారి, కార్యదర్శి మున్నగువారిని విద్యార్థులే ఎన్నుకొందురు. గ్లాడ్‌స్టన్, ఆస్క్విత్ వంటి బ్రిటిషు ప్రధానులు తమ విద్యార్థి దశలో ఈ సంఘమునకు అధ్యక్షులుగా నుండినవారే. కనుక ఆ పీఠము రాజ్యాధికారమునకు తొలిమెట్టని పేరు పొందినది.

బండారనాయక ఈ వేదికపై పట్టుదలతో కృషిచేసెను. ఆయన వాగ్ధాటికి క్రమముగా ఖ్యాతి వచ్చెను. 1923లో కార్యదర్శిగా, 1924లో ఉప కోశాధికారిగా ఎన్నికయ్యెను. ఇక మిగిలినది అధ్యక్ష పదవి ఒక్కటే. ఆయన ఆ పదవికి పోటీ చేసి ఓడిపోయెను. తన మాటకు చప్పట్లు కొట్టినవారు తనను అధ్యక్ష పీఠముపై కూర్చుండబెట్టుటకు సిద్ధముగా లేరనియు, తన ఓటమికి వర్ణద్వేషమే కారణమనియు ఆయన నమ్మెను. ఆ గాయము ఆయన మనస్సున నిలిచిపోయెను. తరువాత పది సంవత్సరములకు, 1934లో, బొంబాయికి చెందిన డి. ఎఫ్. కరాకా అను పార్సీ యువకుడు ఆ పీఠము నధిష్ఠించి, ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడయ్యెను.

1925లో బారిష్టరై స్వదేశమునకు తిరిగివచ్చిన బండారనాయక, దొరల వేషమును విడిచి దేశీయ వస్త్రములను ధరించెను, బౌద్ధమును స్వీకరించెను, సింహళమును శ్రద్ధతో నేర్చి అందు గొప్ప వక్త యయ్యెను. 1926లో ఆయన చేసిన ప్రసంగములు గమనింపదగినవి. సింహళీయులు, తమిళులు మున్నగు భిన్న వర్గములు గల ఆ ద్వీపమునకు ఫెడరల్ ప్రభుత్వమే తగినదని ఆయన అప్పుడు వాదించెను. అల్పసంఖ్యాకుని బాధ తెలిసినవాని ఆలోచన అది.

1931లో స్టేట్ కౌన్సిల్ సభ్యుడయ్యెను. స్వాతంత్ర్యానంతరము మంత్రిగా నుండి, 1951లో ప్రభుత్వమును వీడి శ్రీలంక ఫ్రీడమ్ పార్టీని స్థాపించెను. 1956 ఎన్నికలలో సింహళమొక్కటే అధికార భాష కావలెనను నినాదముతో ప్రజలముందుకు వెళ్లెను. గ్రామ ఉపాధ్యాయులు, ఆయుర్వేద వైద్యులు, బౌద్ధ భిక్షువులు ఆయన పక్షమున నిలిచిరి. ఆయన కూటమి 95 స్థానములలో 51 గెలిచెను. ఆంగ్లము రానివారికి ప్రభుత్వ ద్వారములు మూసియున్న దేశమున సామాన్యుడు తలయెత్తుకొన్న దినమది. బ్రిటిషువారి సైనిక స్థావరములను తొలగించుట, బస్సులను, కొలంబో రేవును జాతీయము చేయుట ఆయన ప్రభుత్వము చేసిన కార్యములు.

కాని ఆ యేడు జూన్ మాసమున అధికార భాషా చట్టము వచ్చుటతో తమిళులు తమ దేశముననే పరాయివారమైతిమని కుమిలిపోయిరి. ఆక్స్‌ఫర్డులో తనకు మూయబడిన తలుపు వంటిదే ఒకటి, ఆయన చేతిమీదుగనే లక్షలాది ప్రజలకు మూయబడినది. ఇది ఆయన జీవితమునందలి గొప్ప విషాదము.

పొరపాటును దిద్దుకొనుటకు ఆయన యత్నింపకపోలేదు. 1957 జూలైలో తమిళ నాయకుడు శ్రీ చెల్వనాయకముతో ఒడంబడిక చేసికొనెను. తమిళ భాషకు కొంత స్థానమును, ప్రాంతీయ మండలులకు కొన్ని అధికారములను ఇచ్చుట దాని సారము. ప్రతిపక్షమువారు దానిని ఎదిరించిరి. 1958 ఏప్రిల్‌లో భిక్షువులు ఆయన గృహము ముందు బైఠాయింపగా ఆయన ఆ ఒడంబడికను రద్దుచేసెను. మరుసటి నెలలోనే ఘోరమైన కొట్లాటలు చెలరేగెను. ఆ యేడు ఆగస్టులో తమిళమునకు కొన్ని హక్కుల నిచ్చు చట్టము చేయబడినను అప్పటికే ఆలస్యమై యుండెను.

1959 సెప్టెంబరు 25న తన గృహమున సందర్శకులను పలుకరించుచుండగా ఒక భిక్షువు ఆయనపై తుపాకి కాల్చెను. మరునాడు ఆయన కన్నుమూసెను. మరణశయ్యపై నుండియు తనను కాల్చినవానిపై దయ చూపుడని కోరుట ఆయన హృదయ సంస్కారమును తెలుపును. 1960లో ఆయన సతీమణి శ్రీమతి సిరిమావో ప్రపంచమున మొట్టమొదటి మహిళా ప్రధానమంత్రి యయ్యెను.

నేడు మన గ్రామములనుండి ఎందరో యువకులు విశ్వవిద్యాలయములకు వెళ్లుచున్నారు. అచ్చటి సంఘములలో పోటీ చేయుట తప్పు కాదు. ఓడుట సిగ్గు కాదు. ఓటమినుండి బండారనాయక నేర్చిన పట్టుదల, స్వభాషాభిమానము మనము నేర్వదగినవి. అయితే తాను పడిన బాధ మరియొకడు పడకుండ చూచుటయే ఎన్నికైనవాని ప్రథమ ధర్మము. ఆయన జీవితమునందలి ఈ రెండవ పాఠము మొదటిదానికంటె విలువైనది. రజతోత్సవము జరుపుకొనుచున్న మన గ్రంథాలయమున కులమత భేదము లేక అందరును ఒకే బల్లచుట్టు కూర్చుండి చదువుకొనుచున్నాము. ఆ బల్లవద్ద ఎవరికిని చోటు లేకుండ పోరాదు.