నడిచే మనిషి గుండెను చదివిన హోల్టర్

వనపర్తి దగ్గర మా పల్లెలో పల్లిచేను పీకేటప్పుడు మా నాయినకు రెండుసార్లు కళ్లు తిరిగాయి. పట్నం తీసుకుపోయి ఇ.సి.జి. తీయిస్తే గీతలన్నీ సవ్యంగానే ఉన్నాయి. మంచం మీద పడుకోబెట్టి కొద్ది క్షణాలు చూస్తే గుండె గుట్టు బయటపడుతుందా? చివరికి ఒక డాక్టరుగారు ఛాతీకి తీగలు అంటించి, నడుముకు చిన్న పెట్టె కట్టి, రోజంతా మామూలుగా తిరగమన్నారు. ఆ పెట్టె పేరు హోల్టర్. అది యంత్రం పేరే అనుకున్నాను. మనిషి పేరని తరువాత తెలిసింది.

నార్మన్ జెఫెరిస్ హోల్టర్ 1914లో అమెరికాలోని మోంటానా రాష్ట్రం, హెలెనా పట్టణంలో జన్మించాడు. ఆయన డాక్టరు కాడు. భౌతిక, రసాయన శాస్త్రాలు చదివినవాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో నౌకాదళం కోసం సముద్రపు అలలను పరిశీలించాడు. 1946లో బికినీ దీవిలో జరిగిన అణుపరీక్షల్లో ఒక పరిశోధక బృందానికి నాయకత్వం వహించాడు. మరుసటి ఏడే సొంత ఊళ్లో పరిశోధనాలయం పెట్టుకున్నాడు. అలల లెక్కలు చూసిన మనిషి గుండె అలల వైపు మళ్లాడన్నమాట!

అప్పటికి ఇ.సి.జి. కొత్తదేమీ కాదు. దాన్ని తీర్చిదిద్దిన డచ్చి శాస్త్రజ్ఞుడు ఐంథోవెన్‌కు 1924లోనే నోబెల్ బహుమతి వచ్చింది. అయితే రోగి కదలకూడదు. కదిలితే కండరాల విద్యుత్తు కూడా గీతల్లో కలిసిపోతుంది. మనిషి బతుకంతా పడుకునే ఉంటాడా అన్నదే హోల్టర్ పట్టుదల.

1947లో తయారైన మొదటి యంత్రం బరువు సుమారు 38 కిలోలు, అంటే మన పల్లికాయ మూటంత! దాన్ని వీపున మోస్తూ, కదలని సైకిలు తొక్కుతూ, గుండె సంకేతాలను రేడియో ద్వారా పంపారు. ఆ తరువాత సహచరుడు గ్లాస్కాక్‌తో కలిసి ఏళ్ల తరబడి దాని బరువు తగ్గిస్తూ వచ్చాడు. వాల్వుల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. రేడియోకు బదులు చిన్న టేపు రికార్డరు చేరింది. అయితే గంటల కొద్దీ సాగే ఆ గీతలను ఎవరు చదవాలి? టేపును 60 రెట్లు వేగంగా తిప్పి చూసే ఉపాయం కూడా వాళ్లే కనిపెట్టారు. 10 గంటల రికార్డు 10 నిమిషాల్లో చూడవచ్చు. 1961లో ఈ పద్ధతిని సైన్స్ పత్రికలో ప్రకటించాడు. 1983లో హోల్టర్ కన్నుమూశాడు. నేడు ఛాతీకి అంటించుకునే పట్టీలు, చేతి గడియారాలు ఆయన వేసిన బాటలోనివే.

నాయిన పెట్టెలో మధ్యాహ్నం వేళ గుండె కొన్ని సెకన్లు ఆగిన జాడ దొరికింది. పేస్‌మేకర్ పెట్టారు. మరుసటి పంటకు మళ్లీ చేనులో దిగాడు.

మన ప్రయోగశాలల్లో ఓసిలోస్కోపు ముందు కూర్చున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. వైద్యం చదవకపోయినా ప్రాణం నిలపవచ్చు. మనం నేర్చే సర్క్యూటు ఏ రైతు నడుముకు ఆసరా అవుతుందో ఎవరికి తెలుసు?