ఎవరో చూస్తున్నారని భయపడిన పిల్లాడు

గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు నన్ను పక్కకు పిలిచి, ఎనిమిదో తరగతి చదివే తమ పాప ఫోన్‌లో ఎవరితో ఏం మాట్లాడుతోందో అంతా తమకు కనబడే యాప్ ఏదైనా ఉందా అని అడిగారు. పాప మీద కోపంతో కాదు, భయంతోనే అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంటికి వెళ్తుంటే మాత్రం బీఈడీ రోజుల్లో చదివిన ఒక రచయిత చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. ఆయన జార్జ్ ఆర్వెల్. 1984 అనే నవల రాసింది ఆయనే.

ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఈస్ట్‌బోర్న్ అనే ఊరుంది. అక్కడి సెయింట్ సిప్రియన్స్ అనే హాస్టల్ స్కూల్లో చదివే ఒక పిల్లాడిని ఏదో పని మీద ఒంటరిగా బయటకు పంపారు. వాడు స్కూలుకు దూరంగా ఉన్న ఒక కొట్లోకి వెళ్లి చాక్లెట్లు కొనుక్కున్నాడు. అది స్కూలు రూల్‌కు విరుద్ధం. బయటికొచ్చేసరికి రోడ్డుకు అవతల ఒక మనిషి నిలబడి తన స్కూలు టోపీ వైపే చూస్తున్నట్టు అనిపించింది. అంతే, హెడ్మాస్టర్ పెట్టిన గూఢచారి దొరికిపోయేలా చేశాడని వణికిపోయాడు. హెడ్మాస్టర్‌కి ఊరంతా మనుషులు ఉండే ఉంటారని ఆ వయసులో వాడికి గట్టి నమ్మకం. ఎప్పుడు పిలుపొస్తుందా అని ఎదురుచూశాడు. పిలుపు రాలేదు. రాకపోవడమే వాడికి ఆశ్చర్యం వేసింది.

ఆ పిల్లాడి అసలు పేరు ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్. పుట్టింది మన దేశంలోనే, బీహార్‌లోని మోతీహారిలో, 1903 జూన్ 25న. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖలో ఉద్యోగి. బిడ్డకు ఏడాది నిండే వేళకు తల్లి ఇంగ్లండ్ తీసుకెళ్లిపోయారు. 1911లో, ఎనిమిదేళ్లకు, హాస్టల్లో వేశారు.

ఇంట్లో అంత డబ్బు లేదు. అందుకని స్కూలు వాళ్లు సగం ఫీజుకే చేర్చుకున్నారు. ఊరికే కాదు. తెలివైనవాడు కాబట్టి పెద్ద స్కూలుకు స్కాలర్‌షిప్ కొడతాడని, దాంతో తమ స్కూలుకు పేరొస్తుందని లెక్క. ఆ లెక్క కొన్నాళ్లకు పిల్లాడికీ తెలిసింది. మార్కులు తగ్గినప్పుడల్లా, నువ్వు ఎవరి దయతో చదువుతున్నావో మర్చిపోకు అని గుర్తుచేసేవారట. పరీక్షలో ఏది అడుగుతారో అదే రుబ్బించేవారు. (ఈ వాక్యం మన న్యూస్‌లెటర్‌లో రాస్తుంటే నాకే కాస్త ఇబ్బందిగా ఉంది, కానీ తీసేయబుద్ధి కాలేదు.) పెద్దయ్యాక ఆయన ఈ స్కూలు గురించి పెద్ద వ్యాసం రాసిపెట్టుకున్నారు. పరువు నష్టం కేసు భయంతో ఆయన బతికుండగా అది అచ్చు కాలేదు. అక్కడ చదివిన మరికొందరు మాత్రం స్కూలు అంత చెడ్డదేమీ కాదన్నారు. నిజమే కావచ్చు. ఒకే క్లాసులో కూర్చున్న ముప్పైమంది పిల్లల స్కూలు ఒకటి కాదని రోజూ చూస్తూనే ఉన్నాను.

లెక్క ఫలించింది, ఈటన్‌లో స్కాలర్‌షిప్ వచ్చింది. అక్కడ పెద్దగా చదవలేదు. 1922లో పోలీసు ఉద్యోగంలో చేరి బర్మా వెళ్లారు. ఇప్పుడు నిఘా వేసే వైపు నిలబడ్డారు. ఐదేళ్లు చేసి, తాను చేస్తున్న పని మీద అసహ్యం పుట్టి 1927లో మానేశారు. తర్వాత పారిస్‌లో హోటల్ గిన్నెలు కడిగారు, లండన్‌లో ఇల్లూ వాకిలీ లేనివాళ్లతో తిరిగారు, కొంతకాలం మాలాగే టీచర్‌గా కూడా పనిచేశారు. 1933లో మొదటి పుస్తకం వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు ఇబ్బంది కలగకూడదని పేరు మార్చుకున్నారు. ఆర్వెల్ అనేది ఇంగ్లండ్‌లో ఒక నది పేరు.

ఇంతలో చిన్నప్పటి భయం నిజమైంది. 1929 నుంచే బ్రిటిష్ పోలీసులు ఆయన మీద ఫైలు తెరిచారు. 2007లో అది బయటపెట్టినప్పుడు చూస్తే, 1942లో ఒక పోలీసు ఆయన బట్టలు వేసుకునే తీరు గురించి కూడా రాసిపెట్టాడు. భారతీయ స్నేహితులున్నారని, కమ్యూనిస్టు భావాలున్నాయని రాశాడు. అప్పటికి ఆర్వెల్ స్టాలిన్‌ను గట్టిగా విమర్శిస్తున్న రచయిత! చూసేవాడు అన్నీ చూస్తాడు గానీ అర్థం చేసుకుంటాడని లేదు.

స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫాసిస్టుల మీద పోరాడటానికి వెళ్లి, 1937 మేలో గొంతులో తూటా తగిలినా బతికారు. తర్వాత ఆయన ఉన్న దళాన్నే సోవియట్ అనుకూల పోలీసులు వేటాడారు. బార్సిలోనాలో భార్య ఐలీన్ ఉంటున్న హోటల్ గది సోదా చేసి డైరీలు, ఉత్తరాలు పట్టుకుపోయారు. దంపతులిద్దరూ ఎలాగో సరిహద్దు దాటి బయటపడ్డారు.

రెండో ప్రపంచయుద్ధంలో ఐలీన్‌కు కొంతకాలం ప్రభుత్వ సెన్సార్ విభాగంలోనే ఉద్యోగం. ఆర్వెల్ 1941 నుంచి 1943 దాకా బీబీసీలో మన దేశం కోసం రేడియో కార్యక్రమాలు చేశారు. ముల్క్ రాజ్ ఆనంద్ వంటి మన రచయితలు అక్కడ ఆయనతో పనిచేశారు. ప్రతి మాటా సెన్సార్ ముద్ర పడ్డాకే గాలిలోకి వెళ్లేది.

1945లో యానిమల్ ఫామ్ వచ్చింది, ఐలీన్ మాత్రం దాన్ని అచ్చులో చూడలేదు. అదే ఏడాది మార్చిలో ఆపరేషన్ బల్ల మీద మరణించారు. దత్తత తీసుకున్న పసివాడితో స్కాట్లాండ్‌లోని జూరా దీవికి వెళ్లి, క్షయతో దగ్గుతూనే ఆఖరి నవల రాశారు. టైపిస్టు దొరక్క మంచం మీద కూర్చుని తానే టైపు చేశారు. 1949 జూన్ 8న వచ్చిన 1984 అదే.

అందులో ఇంటి గోడకు టీవీ లాంటి తెర ఉంటుంది. మనం దాన్ని చూస్తాం, అది మనల్ని చూస్తుంది, వింటుంది. మామూలు మనిషి దాన్ని ఆపలేడు. ఏ క్షణం చూస్తున్నారో తెలియదు కాబట్టి ప్రతి క్షణం చూస్తున్నట్టే మసలుకోవాలి. టీవీ ఇంకా చాలా ఇళ్లకు చేరని రోజుల్లో రాశారిది. నాకైతే ఆ తెర వెనక చాక్లెట్ల కొట్టు ఎదుట నిలబడిన మనిషే కనబడతాడు. కథానాయకుడు తెరకు కనబడని ఒక మూల చూసుకుని డైరీ రాసుకుంటాడు. అదే అతని మొదటి తప్పు. అదే నవలలో పక్కింటి చిన్నపాప తాళం కన్నంలోంచి కన్నతండ్రి మాటలు విని పోలీసులకు పట్టిస్తుంది. చూడటం నేర్పితే పిల్లలు అది మన మీద కూడా ప్రయోగిస్తారని ఆయన అనుకున్నారేమో.

ఒక సంగతి దాచకూడదు. అదే 1949లో ఆస్పత్రి మంచం మీద నుంచి, ప్రచారానికి నమ్మదగనివాళ్లంటూ 38 మంది పేర్లు బ్రిటిష్ ప్రభుత్వ విభాగానికి ఆయనే రాసిచ్చారు. సమర్థించేవాళ్లున్నారు. నాకు మాత్రం మనసొప్పదు. 1950 జనవరి 21న, 46 ఏళ్లకే పోయారు. సమాధి మీద ఎరిక్ ఆర్థర్ బ్లెయిర్ అనే ఉంటుంది.

2009 జూలైలో అమెరికాలో హక్కులు లేని సంస్థ అమ్మిందని, అమెజాన్ పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి 1984ను, యానిమల్ ఫామ్‌ను వాళ్లకు చెప్పకుండానే చెరిపేసింది. డబ్బు వెనక్కి ఇచ్చింది, తర్వాత క్షమాపణ కూడా చెప్పింది. కానీ మిషిగన్‌లో ఒక హైస్కూల్ విద్యార్థి స్కూలు పని కోసం ఆ పుస్తకానికి రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయింది. అతను కోర్టుకు వెళ్లాడు, కేసు రాజీతో ముగిసింది.

ఆ అమ్మగారితో ఈ శనివారం మాట్లాడాలి. ఏ యాప్ పేరూ చెప్పలేను. మీ పాప ఎవరితో మాట్లాడుతోందో తననే అడగండి, అడిగేటప్పుడు ఫోన్ తన చేతిలోనే ఉండనివ్వండి అని చెబుదామనుకుంటున్నాను. ఆవిడ ఒప్పుకుంటారో లేదో చూడాలి.