ఏడు ఆటల హాదీ సాహెబ్

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మలక్‌పేట వైపు పోతుంటే దిల్‌సుఖ్‌నగర్ తర్వాత మూసారంబాగ్ స్టేషన్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, టీవీ టవర్ పక్కన గుట్ట మీద కోటలాంటి పాత కట్టడం ఒకటుంది. అదే ఆస్మాన్‌గఢ్. నిజాం సర్కారులో ప్రధానమంత్రిగా చేసిన పైగా నవాబు సర్ ఆస్మాన్ జా కట్టించింది. మనం రోజూ ఆ రోడ్డు మీదే తిరుగుతాం గానీ, ఆ ఖాందాన్ నీడలో పెరిగిన ఒక యతీమ్ పిల్లవాడి సంగతి తెలిసినవాళ్లు తక్కువ. రంజీ ట్రోఫీ చరిత్రలో మొట్టమొదటి సెంచరీ ఆయనదే. పేరు సయ్యద్ మొహమ్మద్ హాదీ.

1899 ఆగస్టు 12న హైదరాబాద్‌లో పుట్టాడు. తండ్రి నిజాం అశ్వదళంలో పనిచేసినవాడు. పిల్లవాడికి రెండేళ్లప్పుడే ఆయన చనిపోయారు. ఆస్మాన్ జా అప్పటికే లేరు, కానీ ఆయన కుటుంబం ఈ బిడ్డను దగ్గరికి తీసింది. ఆ ఇంటి నవాబే మొయినుద్దౌలా. ఇప్పటికీ మన పెద్దవాళ్లు చెప్పుకునే మొయినుద్దౌలా గోల్డ్ కప్ ఆయన పేరు మీదిదే. అలాంటి ఇంట్లో గుర్రాలకూ ఆటలకూ కొదవ ఏముంటుంది?

హాదీ ఒక్క ఆటతో ఆగలేదు. క్రికెట్, టెన్నిస్, హాకీ, ఫుట్‌బాల్, పోలో, టేబుల్ టెన్నిస్, చదరంగం... మొత్తం ఏడు. అందుకే జనం ఆయన్ని రెయిన్‌బో హాదీ అన్నారు. సింగిడికి ఏడు రంగులు, ఈయనకు ఏడు ఆటలు.

చదువుకు కేంబ్రిడ్జ్ పోయాడు. అక్కడ టెన్నిస్ రాకెట్‌తో పేరొచ్చింది. వింబుల్డన్‌లో ఆడాడు, డేవిస్ కప్‌లో భారత్ తరఫున ఆడాడు, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా టెన్నిస్ ఆడాడు. వందేళ్ల కిందట మన హైదరాబాదీ ఒకడు ఒలింపిక్స్‌కు పోయాడంటే ఇప్పుడు కూడా చాలామంది నమ్మరు.

క్రికెట్ దగ్గరికొస్తే మాత్రం తఖ్‌దీర్ కొంచెం ఆలస్యం చేసింది. ఆయన కాళ్లలో వేగం, కళ్లలో పదును ఉన్న ఇరవైల వయసులో ఇండియాకు టెస్టు క్రికెట్టే లేదు. సి.కె. నాయుడు కెప్టెన్సీలో మన తొలి టెస్టు లార్డ్స్‌లో జరిగింది 1932లో. అప్పటికి హాదీకి 32 ఏళ్లు. రంజీ ట్రోఫీ ఇంకా రెండేళ్లకు, 1934-35లో మొదలైంది. ఆ తొలి సీజన్‌లోనే హైదరాబాద్ తరఫున మద్రాసు మీద 132 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. 35 ఏళ్ల వయసులో! ఆ తర్వాత రంజీలో వేల సెంచరీలొచ్చాయి. కానీ మొదటిది మొదటిదే, దాన్నెవరూ గుంజుకోలేరు.

1936లో ఇంగ్లండ్ టూర్‌కు తీసుకున్నారు. కెప్టెన్ విజయనగరం మహారాజ్‌కుమార్, అందరూ విజ్జీ అనేవారు. ఆ టూర్ గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. జట్టు రెండు వర్గాలైంది, లాలా అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. హాదీకి ఒక్క టెస్టు కూడా దక్కలేదు. మళ్లీ అవకాశం రాలేదు. ఒకే ఆట మీద కూర్చుని ఉంటే టెస్టు క్యాప్ వచ్చేదేమో అని కొందరంటారు. నాకట్లా అనిపించదు. పుట్టిన ఏడాదే ఆయనకు అడ్డం పడింది, ఏడు ఆటలు కాదు.

పైగా ఇప్పుడు మన దిల్‌సుఖ్‌నగర్ సంగతి చూడండి. సందు సందుకూ ఒక కోచింగ్ సెంటర్. పిల్లవాడు ఆడుకుంటానంటే ముందు ర్యాంకు తెమ్మంటాం. ఆట నేర్పించే ఇంట్లో కూడా పదేళ్లకే ఒక్కటి తేల్చుకోమంటున్నారు. హాదీని పెంచిన ఇల్లు ఆ లెక్కన చూస్తే ఎంత ఓపిక గలదో!

బ్యాట్ పక్కన పెట్టాక కూడా ఆయన ఆటల్ని వదల్లేదు. ఆలిండియా కౌన్సిల్ ఆఫ్ స్పోర్ట్స్‌కు కార్యదర్శిగా పనిచేశాడు. టెన్నిస్ కోర్టు నుంచి పోలో మైదానం దాకా అన్నీ స్వయంగా ఆడి చూసినవాడు అలాంటి కుర్చీలో కూర్చోవడం మన దేశంలో అరుదే.

1971 జూలై 14న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఇప్పుడు బడి నడుస్తోంది.