గాజు పెట్టెలో తోట పెంచిన డాక్టర్

గాజు సీసాలో పెంచే చిన్న తోటను ఇప్పుడు టెర్రేరియం అంటున్నాం. ఇది ఈమధ్య వచ్చిన సరదా అనుకుంటారు చాలామంది. కానీ దీని వెనుక దాదాపు 200 ఏళ్ల కిందటి ఓ డాక్టర్ ఉన్నారు. పేరు నథానియెల్ బాగ్‌షా వార్డ్.

ఆయన 1791లో లండన్‌లో పుట్టారు. పదమూడేళ్ల వయసులో ఓడెక్కి జమైకా వెళ్లి, అక్కడి ఉష్ణమండల పచ్చదనం చూసి మురిసిపోయారు. తర్వాత తండ్రిలాగే వైద్యుడై, లండన్ తూర్పున రేవు దగ్గరున్న పేదల పేటలో ప్రాక్టీసు చేశారు. చుట్టూ ఫ్యాక్టరీలు, బొగ్గు పొగ. పెరట్లో ఇష్టంగా నాటుకున్న ఫెర్న్ మొక్కలు ఆ మసికి చచ్చిపోయేవి. ఆయన రోగులు పీల్చేదీ ఆ గాలినే.

1829లో ఒక పురుగు ప్యూపాను గమనించడానికి, తడిమట్టి వేసిన సీసాలో దాన్ని ఉంచి మూతపెట్టారు. కొన్నాళ్లకు ఆ మట్టిలో ఓ ఫెర్న్, కాస్త గడ్డి మొలిచాయి. పగటి వేడికి లేచిన తేమ గాజుకు పట్టి, చుక్కలుగా మళ్లీ మట్టిలోకే దిగుతోంది. పొగ లోపలికి రావడం లేదు, వెలుతురు వస్తోంది. చుక్క నీరు పోయకుండానే ఆ మొక్కలు దాదాపు నాలుగేళ్లు బతికాయి. చివరికి మూత తుప్పుపట్టి, వాననీరు చేరి పోయాయి.

1833లో ఇలాంటి గాజు పెట్టెలు రెండింటిలో మొక్కలు పెట్టి సిడ్నీకి పంపారు. నెలల ప్రయాణం తర్వాత కూడా అవి పచ్చగానే ఉన్నాయి. ఆ తర్వాత చైనా నుంచి హిమాలయాలకు తేయాకు మొక్కలు, ఇంగ్లండ్ నుంచి సమోవాకు కావెండిష్ అరటి పిలకలు ఈ పెట్టెల్లోనే చేరాయి. మనం కొనే గ్రాండ్ నైన్ అరటి కావెండిష్ రకమే. 1860 తర్వాత మలేరియా మందు క్వినైన్‌నిచ్చే సింకోనా కూడా ఈ పెట్టెల సాయంతోనే నీలగిరికి వచ్చింది.

మొక్కను పెట్టెలో దాచవచ్చు, మనిషిని దాచలేం. ఆ సంగతి వార్డ్‌కు తెలుసు. అందుకే 1842లో ఈ పెట్టెల గురించి రాసిన పుస్తకంలో, వెలుతురు, మంచి గాలి మనిషికీ అంతే అవసరమని వాదించారు. 1868లో కన్నుమూశారు.

మీరు వెనీలా లాంటి తేమ కోరే తీగను ఇంట్లో పెంచాలనుకుంటే ఆయన పద్ధతి పనికొస్తుంది. గాజు పెట్టెను వెలుతురున్న కిటికీ దగ్గర ఉంచండి. నేరుగా ఎండ తగిలితే లోపల మొక్క ఉడికిపోతుంది. మట్టి తడిగా ఉంటే చాలు, నీరు నిలవకూడదు. మామూలు కుండీలైతే కింది పళ్లెంలో నీటిని వారానికోసారైనా పారబోసి, రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది అక్కడే. మొక్క కోసం తెరిచిన కిటికీని మీ కోసం కూడా తెరిచే ఉంచండి.