గణపతిదేవుని అభయశాసనము

కాకతీయ చక్రవర్తులలో గణపతిదేవుడు సుప్రసిద్ధుడు. ఆయన క్రీ. శ. 1199 మొదలు 1262 వరకు ఓరుగల్లు రాజధానిగా ఆంధ్రదేశము నేలెను. అంతటి చక్రవర్తియు సింహాసన మెక్కుటకు ముందు శత్రువుల చెరలో నుండినవాడే.

గణపతి తండ్రియైన మహాదేవుడు దేవగిరి యాదవులతో పోరాడి రణరంగమున మరణించెను. గణపతి శత్రువులకు బందీ యయ్యెను. రాజులేని రాజ్యమును సేనానియైన రేచర్ల రుద్రుడు నిలబెట్టెను. కొంతకాలమునకు యాదవరాజైన జైతుగి గణపతిని విడిచిపుచ్చి, స్వరాజ్యమునకు పంపెను. సర్వస్వమును హరింపగల శత్రువు దయదలచుటచే ఆతనికి బ్రతుకును రాజ్యమును దక్కెను.

పిదప గణపతిదేవుడు తీరాంధ్రమును జయించెను. మోటుపల్లి రేవు ఆయన వశమయ్యెను. ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల వలె ఓరుగల్లును సముద్రమునకు దూరమైన ఊరే. అట్టి ఊళ్లవారికి ఓడ యనిన చిత్రములలోను, కావ్యములలోను కానవచ్చునదే. శాతవాహనుల నాణెములపై రెండు కంబముల ఓడ సిరిసంపదలకు గుర్తుగా నిలిచినది. వేదాంతులు సంసారమును సముద్రముతో పోల్చిరి. తుపానులో చిక్కిన ఓడ దిక్కులేని మానవునకు చిహ్నమైనది.

కాని నావికులకు తుపాను ఉపమానము కాదు. గాలివానకు దారితప్పి, పరదేశపు ఒడ్డున తగిలిన ఓడలోని సరకు నంతయు ఆనాటి రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. సముద్రము ప్రాణము మాత్రము మిగిల్చిన వర్తకుని వద్ద రాజు ధనమును గైకొనుచుండెను. ప్రాణమునకు తెగించి ఆర్జించిన ధనము పోయిన పిమ్మట ఆ ప్రాణ మెందులకు?

గణపతిదేవుడు ఈ అన్యాయమును మాన్పెను. 1244లో మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. ఏ దేశపు ఓడయైనను తుపానుకు కొట్టుకొనివచ్చినచో, నిర్ణీతమైన సుంకము తప్ప మరేమియు గ్రహింపబడదని అందు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై 30వ వంతు సుంకముగా విధించెను. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టు, మిరియములు మున్నగు వస్తువులకు సుంకములు నిర్ణయించెను. దయ, కీర్తి, ధర్మము ఈ పనికి కారణములని శాసనము తెలుపుచున్నది.

తాను చెరపడి, ఒకరి దయచే విడుదల పొందిన రాజు, ఆపన్నులైన పరదేశీయులకు అదే దయను చూపెను. ఆయన సామ్రాజ్యము గతించినది. మోటుపల్లి వీరభద్రాలయమున శాసనస్తంభము నిలిచినది. ఆపదలో నున్నవాని సొత్తు నాశింపక, వానికి రేవై నిలుచుటయే రాజధర్మమని అది చాటుచున్నది.